అడవిదారుల పాతజీపులు: వాని జీర్ణోద్ధారణము



శిథిలమైన ఆలయమును కూలద్రోయక, చెడిన రాతిని మార్చి, ఒరిగిన స్తంభమును నిలిపి, మరల దీపము పెట్టుటను మన పూర్వులు జీర్ణోద్ధారణమని కొనియాడిరి. మహబూబాబాద్ జిల్లాలోని మా కొత్తగూడ అడవులకు పొరుగుననున్న పాకాల చెరువు 1213 ప్రాంతమున, కాకతీయ గణపతిదేవుని కాలమున కట్టబడినది. నేటికిని అందు నీరు నిలుచుచున్నదనిన, కట్టినవారికే కాక, తరతరమున గండి పూడ్చినవారికిని, తూము బాగుచేసినవారికిని ఆ పుణ్యమున భాగము కలదు. అయితే నేడు నేను చెప్పబూనినది గుడిని గూర్చి కాదు, చెరువును గూర్చి కాదు. మన అడవిదారులలో తిరిగిన జీపుబండిని గూర్చి. వ్యాకరణము చదువుకొన్న ముసలిపంతులునకు ఇనుపబండితో పనియేమని నవ్వకుడు. దాని చరిత్రయు జీర్ణోద్ధారణ చరిత్రయే.

ఈ బండి యుద్ధమునందు పుట్టినది. 1940 జూలైలో అమెరికా సైన్యమువారు, తేలికగా నుండి నాలుగు చక్రములతోను లాగగల చిన్నబండి కావలెనని 135 కంపెనీలకు వర్తమానమంపిరి. బాంటమ్ అను చిన్న కంపెనీవారు ఆ సెప్టెంబరులోనే మొదటి నమూనాను అప్పగించిరి. పిమ్మట విల్లీస్, ఫోర్డు కంపెనీలవారు యుద్ధము ముగియులోపల ఆరులక్షలకు పైగా బండ్లను తయారుచేసిరి. ఇందొక విశేషము కలదు. ఆ రెండు కంపెనీల యుద్ధజీపులకును భాగములు చాలవరకు ఒకే కొలతవి. ఒకదాని చక్రమును, గేరుపెట్టెను విప్పి మరియొకదానికి బిగింపవచ్చును. అందుచేత చెడిన రెండు బండ్లనుండి నడిచెడి బండి నొకదానిని చేసికొనుట సాధ్యమయ్యెను. ఇచ్చిపుచ్చుకొనుట ఈ బండికి పుట్టుకతో వచ్చిన గుణము.

ఆనాటి సామాన్యపు మోటారుబండిని వెనుకచక్రములే నెట్టెడివి. అవి బురదలో దిగబడినచో ముందుచక్రములు చూచుచుండుటయే కాని చేయునది లేదు. జీపునకు మరియొక చిన్న గేరుపెట్టె కలదు. దాని రాడ్డును కదల్చినచో ఇంజను బలము ముందు ఇరుసునకును చేరును. రెండవ రాడ్డును మార్చినచో వేగము తగ్గి బలము హెచ్చును. వాగుదారులున్న మన సీమకు ఇంతకన్న కావలసినదేమి?

1945లో లూధియానాలో ఉక్కువ్యాపారమునకై ఏర్పడి, తరువాత మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మారిన సంస్థవారు, 1947లో విల్లీస్ జీపులను బొంబాయిలో జోడింప నారంభించిరి. 1953లో విల్లీస్‌వారు ఎత్తైన ఇంజనునకు తగినట్లు ముందుమూతను పెంచి సీజే త్రీబీ అను రకమును తెచ్చిరి. అది అమెరికాలో 1968లో నిలిచిపోయినను, మనదేశమున మఱి కొన్ని దశాబ్దములు తయారైనది. మన పల్లెలవారు ఎత్తుమూత జీపుగా ఎఱిగినది దీనినే.

కాని పాతబండిని కొనుట వేఱు, నిలుపుకొనుట వేఱు. 1948లో కశ్మీరయుద్ధ సమయమున మన ప్రభుత్వమువారు విదేశమునుండి, బాగుచేసిన పాతజీపులను కొన నొప్పందము చేసికొనిరి. ఓడలో వచ్చిన 155 బండ్లును పనికిరానివని తేలి, అది దేశమంతట పెద్ద వివాదమైనది. బండిని ఎఱిగిన చేయి తోడులేనిచో పాతయినుము పాతయినుమే.

అట్టి చేతులను నేను మన పల్లెలలో చూచితిని. నేను కొత్తగా పనిలో చేరిన దినములలో, ఒక వర్షాకాలమున, బడిపుస్తకముల కట్టలతో మా జీపు వాగునడుమ నిలిచిపోయెను. డ్రైవరు డిస్ట్రిబ్యూటరు మూత విప్పి చూడగా లోపలి రోటరు పగిలియున్నది. అరచేతిలో ఇముడు వస్తువు. అది లేనిదే బండి కదలదు. మేము పుస్తకములను నెత్తిన మోసి గట్టునకు చేర్చితిమి. డ్రైవరు పొరుగూరికి నడచిపోయి, అచ్చట జీపున్న రైతు నడిగెను. ఆయన తన బండిదే విప్పి యిచ్చి, “తీసుకపోండ్రి. ఎల్లుండి సంతకు నా బండి గావాలె, అప్పటికి తెచ్చిస్తే సాలు” అనెనట. పత్రము లేదు, సాక్షి లేడు. చెప్పిన దినమునకు ఆ వస్తువు తిరిగి చేరినది.

నేటికిని పాతజీపులను ప్రేమించువారి పద్ధతి ఇదియే. ఒకని యింట గేరుపెట్టె, ఒకని షెడ్డులో ముందు ఇరుసు, ఇంకొక ముసలిమేస్త్రీ తలలో విద్య. ఎవరికి వారు పేదలు, కలసినచో ధనికులు.

ఇపుడొక చిక్కు వచ్చినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన బండ్లను వింటేజి వాహనములుగా నమోదు చేయుటకు నియమములు చేసిరి. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏండ్లు. నిత్యప్రయాణమునకు గాని బాడుగకు గాని వాడరాదు. మఱియు బండి మూలరూపమున నుండవలెను. చట్రము, శరీరము, ఇంజను పెద్దగా మార్చియుండరాదు. మన పల్లెల జీపులో? పెట్రోలు ఖర్చు భరింపలేక ఎందఱో డీజిలు ఇంజను పెట్టించిరి. కూలిజనము కొఱకు వెనుకభాగమును పొడిగించిరి. ప్రదర్శనలో నిలుచు బండికి గౌరవము దక్కును. ఊరికి సేవచేసి రూపు మారిన బండి తూకమునకు పోవును. ఆ మార్పులే మన చరిత్ర కాదా?

కావున పెద్దలకు నా విన్నపము. చింతచెట్టు క్రింద పాతజీపున్నచో తొందరపడి తూకమునకు వేయకుడు. విప్పి పెట్టిన తొలి ఇంజనును, రిజిస్ట్రేషను పుస్తకమును భద్రపఱుపుడు. బండి నడుపదలచినచో బ్రేకులను ముందు చూపించుకొనుడు; బ్రేకు పట్టని బండిని అభిమానముచేత నడుపుట భక్తి కాదు, అపరాధము. అన్నిటికన్న ముఖ్యముగా, మీ ఊరి ముసలిమేస్త్రీ కడ ఒక చదువుకొన్న పిల్లవానిని కూర్చుండబెట్టి, ఏ భాగము దేనికి సరిపడునో, ఏ శబ్దము ఏ రోగమో వ్రాయింపుడు. తాటాకు శిథిలమగులోపల మఱియొకడు కూర్చుండి ప్రతి వ్రాసికొన్నందుననే మన గ్రంథములు మిగిలినవి. ఇనుము తుప్పుపట్టినను మార్చుకొనవచ్చును. ఎఱిగినవాడు పోయినచో ఆ విద్యకు విడిభాగము ఏ అంగడిలోను దొరకదు.

సెలవు.