పల్లంలో దాగిన సైకిళ్లు

అరేబియా లారెన్స్‌కి మోటారు సైకిలు నడపడం రాదని ఎవరనగలరు? అంతటివాడూ 1935 మే 13న ఇంగ్లండులో, రోడ్డు పల్లంలో కనబడని ఇద్దరు సైకిలు కుర్రాళ్లను తప్పించబోయి పడ్డాడు. ఆరు రోజులకి పోయాడు. వైద్యం చేసిన డాక్టర్ కెయిర్న్స్ తరవాత హెల్మెట్ల మీద పరిశోధనకి పూనుకున్నాడు. సరే, అది పడ్డాక అక్కరకొచ్చేది. పడకుండా ఉండే విద్యో?

పోలీసు డ్రైవర్ల పాఠాలనే ఆధారం చేసుకుని అక్కడ 1956లో కార్లవాళ్లకి, 1976లో మోటారు సైకిళ్లవాళ్లకి పైస్థాయి పరీక్ష పెట్టారు. మామూలు పరీక్షలో ఆ రోజుల్లో అధికారి ఫుట్‌పాత్ మీద నిలబడి చూసేవాడు. ఇందులో తనూ బండెక్కి వెనకాలే వస్తాడు!

లైసెన్సుండగా మళ్లీ పరీక్షేమిటండీ అంటారా? కంటికి ఆనినంత దూరంలోనే ఆగగలిగే వేగంతో పోవాలన్నది అందులో నేర్పే అసలు సంగతి. సర్టిఫికెట్టు గోడకి తగిలించుకుంటే నాకేం అభ్యంతరం లేదు గాని, ఫీజు మటుకు ఆ ఒక్క ముక్కకే ఇస్తాను.