సరాతోవ్‌లో ఒక జనవరి

1943 జనవరి 26న, వోల్గా ఒడ్డున ఉన్న సరాతోవ్ పట్టణపు జైలులో ఒక ఖైదీ తిండిలేక శుష్కించి చనిపోయాడు. వయసు 55. పేరు నికొలాయ్ వావిలోవ్. లోకంలో ఆకలి లేకుండా చేయాలని, అప్పటివరకూ ఏ మనిషీ పోగుచేయనన్ని విత్తనాలను పోగుచేసినవాడు ఆయనే. కథ ఎక్కడికి చేరుతుందో తెలిసిపోయింది. అయినా మొదటినుంచీ చెప్పుకుందాం. చావింట్లో కూర్చుని పోయినవాడి మంచిరోజులు తలుచుకుంటామే, అలాగే.

ఆ మంచిరోజులు మొదలైందీ సరాతోవ్‌లోనే. 1920లో అక్కడ జరిగిన సభలో ముప్పై రెండేళ్ళ ఈ ప్రొఫెసర్ లేచి, దగ్గరి చుట్టరికమున్న మొక్కల్లో మార్పులు ఒకే వరసలో నడుస్తాయని చెప్పాడు. గోధుమలో ఒక లక్షణం కనబడితే, దాని చుట్టమైన రై ధాన్యంలోనూ దాన్ని వెతకవచ్చన్నాడు. మూలకాలను వరసల్లో పేర్చిన మెండలీవ్ లాంటివాడు జీవశాస్త్రానికి దొరికాడని సభ మురిసిపోయింది.

తర్వాత ఆయన పెట్రోగ్రాడ్ వెళ్ళాడు. అదే లెనిన్‌గ్రాడ్ అయింది. అక్కడినుంచి ప్రపంచమంతా తిరిగాడు. అఫ్ఘానిస్తాన్ కనుమలు, అబిసీనియా పీఠభూములు, మెక్సికో మొక్కజొన్న చేలు, ఆండీస్ కొండల్లో బంగాళాదుంప మడులు. ఎక్కడికి వెళ్ళినా రైతుల దగ్గర కూర్చుని, వాళ్ళ గింజలు అడిగి తెచ్చుకునేవాడు. ప్రతి పంటకూ ఒక పుట్టిల్లు ఉంటుందని, అక్కడే దాని రకాలన్నీ దండిగా ఉంటాయని, తెగులు తట్టుకునే గుణమో చలి తట్టుకునే గుణమో కావాలంటే ఆ పుట్టింటికే వెళ్ళి అడగాలని ఆయన నమ్మకం. వరికి, వంకాయకి, మామిడికి ఆయన చూపిన పుట్టిల్లు మన దేశం. మన వంటింట్లో సగం ఆయన పటంలో ఉందన్నమాట. 1940 నాటికి లెనిన్‌గ్రాడ్‌లోని ఆయన సంస్థలో రెండున్నర లక్షల నమూనాలు చేరాయి.

కానీ విత్తనం పని నిదానం. రెండు రకాలను కలిపి, సంతానాన్ని ఏరి, మళ్ళీ విత్తి, మళ్ళీ ఏరి, కొత్త వంగడం తేవాలంటే పదేళ్ళు పడుతుంది. అంత ఓపిక పాలకుల దగ్గర లేదు. స్టాలిన్ ప్రభుత్వం పొలాలను బలవంతంగా సామూహిక క్షేత్రాలు చేసింది, ధాన్యం లాక్కుంది. 1932, 33లలో ఉక్రెయిన్‌లోనూ ఇతర చోట్లా లక్షలాది జనం కరువుకు రాలిపోయారు. పదేళ్ళ పని నాలుగైదేళ్ళలో కావాలని అంతకుముందే హుకుం వచ్చింది. వావిలోవ్ కాదన్నాడు. అవుతుందన్నవాడు త్రోఫిం లిసెంకో.

పేద రైతుబిడ్డ లిసెంకో. 1927లో ప్రావ్దా పత్రిక అతణ్ణి చెప్పుల్లేని ప్రొఫెసర్ అని మెచ్చుకుంది. గింజలను నానబెట్టి, కొన్నాళ్ళు చలిలో ఉంచి విత్తితే పంట తొందరగా వస్తుందన్నది అతని మాట. మన రైతు వడ్లు నానబోసి మండెకట్టడం ఎరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ తోచదు. చలి తగిలిన గింజ తీరు మారుతుందన్నది నిజమే. ఆ చిన్న నిజం మీద అతను ఆకాశమంత మేడ కట్టాడు.

నా మనసు మాటిమాటికీ ఆగేది ఇక్కడే. ఆ మొదటి రోజుల్లో లిసెంకోను మెచ్చుకున్నవాళ్ళలో వావిలోవ్ ఉన్నాడు. కుర్రవాడు పెద్ద చదువు లేకపోయినా చురుకైనవాడు, నేర్చుకుంటాడులే అనుకున్నాడు. పెద్దల ముందు అతని పని గురించి మంచిమాట చెప్పాడు. నిజం ఎవరి నోట వచ్చినా వినాలన్న పెద్దమనసు అది. ఆ మాట ఆ రోజు చెప్పకపోయి ఉంటే? చెప్పినా, మడిలో పండించి చూపించు, తర్వాత చూద్దాం అని ఊరుకుని ఉంటే?

మడిలో చూపించే పనే లిసెంకో పెట్టుకోలేదు. పక్కన మామూలు విత్తనం చల్లి పోల్చి చూడడం అతనికి కాలయాపన. సామూహిక క్షేత్రాలకు ప్రశ్నపత్రాలు పంపాడు. మీకు దిగుబడి ఎంత పెరిగింది? పెరగలేదని రాసే గుండె ఆ రోజుల్లో ఏ అధ్యక్షుడికి ఉంటుంది? ఫారాలన్నీ పచ్చగా విరగకాశాయి. గాదెలు మాత్రం ఆ ఫారాలను చదవలేదు.

జన్యువు అనేదే లేదన్నారు లిసెంకో, అతని మనుషులు. జన్యుశాస్త్రానికి ఆద్యుడైన మెండెల్ బఠానీలకు వర్గస్వభావం కనిపెట్టారు. గోధుమ రైగా మారుతుందని తర్వాత్తర్వాత చెప్పారు. ఏ విత్తు నాటితే ఆ చెట్టే మొలుస్తుందని చెప్పడానికి మన ఊళ్ళో ముసలమ్మ చాలు. మాస్కోలో అది చెప్పినవాడు ప్రజాద్రోహి. 1935లో ఒక రైతు సభలో లిసెంకో మాట్లాడుతుంటే స్టాలిన్ శభాష్ అని కేకవేశాడు. ఆ కేక తర్వాత ప్రయోగశాలల్లో రుజువులకు పనిలేకపోయింది.

ఆ కేకకు ముందు వావిలోవ్‌కు దారులు ఇంకా మూసుకుపోలేదు. 1932, 33లలో ఆయన అమెరికా ఖండాల్లో తిరిగాడు. అక్కడే ఉండిపోయి ఉంటే నెత్తిన పెట్టుకునేవాళ్ళు. ఉండలేదు. విత్తనాల మూటలు కట్టుకుని ఇంటికి వచ్చాడు. 1937లో మాస్కోలో జరగాల్సిన అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ రద్దయింది. 1939లో అది ఎడిన్‌బరోలో జరిగింది. అధ్యక్షుడిగా ఎన్నుకున్నది వావిలోవ్‌నే. ఆయన్ని దేశం దాటనివ్వలేదు. ఆయన లేకుండానే ఆ సభ ముగిసింది. ఆ ఏడే ఆయన తోటివాళ్ళతో, కాల్చినా మా మాట మార్చుకోం అన్నాడు. ఏం రాబోతోందో ఆయనకు తెలుసు.

1940 ఆగస్టు 6. పశ్చిమ ఉక్రెయిన్‌లో చెర్నోవిట్సి దగ్గర మొక్కలు సేకరిస్తుండగా నల్ల కారులో వచ్చినవాళ్ళు, మాస్కోలో అర్జంటు పని ఉందంటూ ఆయన్ని ఎక్కించుకుపోయారు. వెనక మిగిలిన సంచిని ఆ తర్వాత తోటివాళ్ళు విప్పి చూశారు. అందులో ఒక పాత కాలపు గోధుమ రకం, స్పెల్ట్ కంకులు. ఆయన చివరిసారి కోసి తెచ్చుకున్నవి.

1941 జూలైలో మరణశిక్ష వేశారు. తర్వాత దాన్ని ఇరవై ఏళ్ళ ఖైదుగా మార్చారు. జర్మన్ సేనలు మాస్కో వైపు వస్తుంటే ఖైదీలను తరలించారు. వావిలోవ్ వంతుకు సరాతోవ్ వచ్చింది. ఆ ఇరుకు గదిలోనూ తోటి ఖైదీలకు ఆయన సైన్సు పాఠాలు చెప్పాడట. 1942లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని విదేశీ సభ్యుడిగా ఎన్నుకుంది.

లెనిన్‌గ్రాడ్ అప్పుడు ముట్టడిలో ఉంది. రొట్టెముక్క దొరక్క జనం వీధుల్లో కూలిపోతున్నారు. సంస్థలో ఆయన శిష్యులు విత్తనాలకు కాపలా కాస్తున్నారు. వరి నమూనాలు చూసే ద్మీత్రి ఇవానోవ్, చుట్టూ వేల పొట్లాల బియ్యపు గింజలు ఉండగానే, ఆకలితో చనిపోయాడు. పస్తులున్నా విత్తనపు గింజ వండుకోకూడదని మన పాతకాలపు రైతు ఇళ్ళలో ఒక పట్టు ఉండేది. ఆ పట్టు పట్టిన ఇల్లు అంత దూరాన, అంత చలిలో మరొకటి ఉందన్నమాట.

1948లో జన్యుశాస్త్రాన్ని నిషేధించినంత పని చేశారు. వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వావిలోవ్ నేరం చేయలేదని 1955లో కాగితం వచ్చింది. లిసెంకో పదవి పోయింది 1965లో. 1976లో అతను మాస్కోలో ముసలితనంతో పోయాడు.

వావిలోవ్‌ను పాతిపెట్టిన చోట గుర్తు కూడా పెట్టలేదు. సరాతోవ్ శ్మశానంలో ఎక్కడో ఉన్నాడు. ఆయన భార్య యెలేనా బరూలినా కొడుకుని వెంటబెట్టుకుని, యుద్ధం నుంచి తప్పించుకుని తలదాచుకుంది కూడా ఆ సరాతోవ్‌లోనే. భర్త మాస్కో జైల్లో ఉన్నాడనే ఆమె అనుకుంది. ఉన్నదాంట్లోంచి మిగిల్చి, తిండి మూటకట్టి, ఆయన పేరున మాస్కోకు పంపుతూ వచ్చింది. ఆయన మాత్రం అదే ఊళ్ళో, గోడల అవతల ఉన్నాడు.