చిత్త కార్తె గాలి, ఉద్దానం తోట

తోటమాలి అనగానే మనకి బంగళా ముందు పూలమొక్కలకి గొట్టంతో నీళ్ళు పోసే మనిషి గుర్తొస్తాడు. పుస్తకాల్లో బొమ్మ అలాగే ఉంటుంది మరి. మన ఉద్దానంలో ఆ మాట ఎవరూ వాడరు. తోట రైతు అంటాం, తోట కాపు అంటాం. కూలికి వచ్చినవాళ్ళని దింపు కూలీలంటాం. తెల్లారకముందే పాదులకి నీళ్ళు మోసి, జీడి తోటలో పిక్కలు ఏరి, మధ్యాహ్నం పీచు వలిచి, సాయంత్రం సంఘం మీటింగుకి వచ్చే మనల్ని మాత్రం ఏ పేరుతోనూ పిలవరు. ఈ ఏటి నివేదికలో పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు ఎలాగూ ఉన్నాయి. వాటి పక్కన మన తోటల కథ కూడా కొంచెం రాసుకుందామని కూర్చున్నాం.

ఉద్దానం అన్న పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, ఒక పక్క సముద్రం, ఒక పక్క మహేంద్రగిరి కొండలు, మధ్యలో ఇసుక కలిసిన నేల. అందులో కొబ్బరి, జీడి, పనస, మామిడి, మునగ, చెట్ల నీడలో కంద. చూడ్డానికి వచ్చినవాళ్ళు రెండో కోనసీమ అని మెచ్చుకుంటారు. కానీ కోనసీమకి గోదావరి కాలవ ఉంది. మనకి ఉన్నవి నుయ్యి, కుండ, భుజం. ఆ పోలిక చెప్పినప్పుడు ఈ తేడా కూడా చెప్పాలి.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండు ముక్కలయింది. బరంపురం అటు పోయింది, ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. గీత గీసిందేమో కాగితం మీద. పనసకాయకి ఆ గీత తెలియదు, ఈనాటికీ మన పనస లారీలు ఒడిశా వైపే ఎక్కువ పోతాయి. అప్పటికి ఇక్కడ జమీందార్ల రాజ్యం. కాడికి, నాగలికి కర్ర కావాలన్నా అడవి వాళ్ళదే. మందస జమీ అడవిలో కలప కొట్టారని రైతుల్ని పట్టుకుపోతుంటే గుడారి రాజమణిపురం ఊరివాళ్ళు అడ్డు నిలబడ్డారు. 1940 ఏప్రిల్ 1న పోలీసులు కాల్చారు. ముందు నిలబడ్డ సాసుమాన గున్నమ్మ ఆ కాల్పుల్లో చనిపోయింది. ఆమెని వీరగున్నమ్మ అని ఇప్పటికీ తలుచుకుంటున్నాం. మన నేలలో చెట్టు కోసం, కర్ర కోసం ప్రాణం పెట్టిన వాళ్ళలో ఆడదాని పేరు ముందు వరసలో ఉంది, అది మన పిల్లలకి చెప్పాలి.

ఇక ఏడాది పని. మనకి జనవరి, ఫిబ్రవరి కంటే కార్తెలే దగ్గర. రోహిణి ఎండల్లో గోతులు తీస్తాం, మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. గొయ్యికి గొయ్యికి పాతిక అడుగులు ఎడం. మృగశిర, ఆరుద్రల్లో తొలకరి పడగానే కొబ్బరి మొక్క పెడతాం. మొక్క కోసం కాయ ఏరడం కూడా ఒక పనే. నడివయసు చెట్టు, ఏటా సమానంగా కాసేది, పొట్టి మట్టలది చూసి ముదురు కాయ దింపించి ఇసుకలో పాతితే, నాటే ఈడు రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది. పాతిన మూడు నాలుగేళ్ళు ఎండాకాలం కుండతో నీళ్ళు పోయాలి. దేశవాళీ పొడుగు చెట్టు ఆరేడేళ్ళకి గాని తొలి గెల వెయ్యదు. అప్పటిదాకా ఆ మొక్క ఇంట్లో ఇంకో చంటిపిల్ల.

జీడిది వేరే లెక్క. పోర్చుగీసువాళ్ళు పడవల్లో తెచ్చిన చెట్టు, నాలుగు వందల ఏళ్ళు దాటింది. ఇసుకలో కూడా బతుకుతుంది, గొడ్డు తినదు, అందుకే మన దిబ్బల మీదికి ఎక్కింది. డిసెంబరు నుంచి పూత. అప్పుడు మంచు ఎక్కువ పట్టినా, మబ్బు కమ్మినా, టీ దోమ పడినా పూత మాడిపోతుంది. మార్చి నుంచి మే దాకా పిక్కలు. ఆ మూడు నెలలూ నడుం వంచి ఏరేది మనమే. మన ఎనభై కిలోల బస్తా పలాస, కాశీబుగ్గ మిల్లులకి పోతుంది. అక్కడ పిక్క కొట్టేదీ, పొర తీసేదీ మళ్ళీ మన ఆడవాళ్ళే. పిక్క డొల్లలో నూనె చేతికి తగిలితే తోలు ఊడుతుంది. పెళ్ళి పాయసంలో జీడిపప్పు తేలుతుంటే ఎవరికీ ఆ చేతులు గుర్తురావు. సరే, ఆ మాట వేరే సంవత్సరం రాసుకుందాం.

పనస శివరాత్రి దాటాక కూరకాయగా మొదలై వేసవి చివరికి పండుగా ముగుస్తుంది. శ్రావణం, భాద్రపదాల్లో కలుపు, పాదులు సరిచెయ్యడం, ఎరువు. ఇక ఉత్తర, హస్త కార్తెలు వచ్చేసరికి అందరి కళ్ళూ సముద్రం మీద ఉంటాయి. ఆ తరవాత వచ్చేది చిత్త.

ఈ చిత్త కార్తె అక్టోబరు 10, 11 తేదీల్లో మొదలై ఇరవై మూడో తేదీ దాకా ఉంటుంది. మన తోటల్ని పడగొట్టిన గాలులు ఏ రోజుల్లో వచ్చాయో ఒక కాగితం మీద రాసి చూశాం. 1999లో గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తుపాను అక్టోబరు 17, 18. పైలిన్ 2013 అక్టోబరు 12. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12. తిత్లీ 2018 అక్టోబరు 11. నాలుగూ చిత్తలోనే! గులాబ్ ఒక్కటే కొంచెం ముందొచ్చింది, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర. ఇదేమీ గ్రహచారం కాదు. నైరుతి వానలు వెనక్కి పోయే వేళ బంగాళాఖాతం నీళ్ళు ఇంకా వేడిగా ఉంటాయి, వాయుగుండాలు పుడతాయి. అక్టోబరులో పుట్టినవి ఎక్కువగా మన వైపు, ఒడిశా వైపు తిరుగుతాయి, నవంబరువి కిందకి, దక్షిణానికి పోతాయి. 1996లో కోనసీమ కొబ్బరిని కూల్చింది నవంబరు 6న. అన్ని తుపానులూ అలాగే నడుస్తాయని కాదు గాని, మన అత్తగార్లు చిత్తకి ముందు కొట్టం కప్పు తాళ్ళతో కట్టించేవారంటే ఊరికే కాదు.

1999 తుపాను మన మండలాల్లో తోటలు పడేసింది. పన్నెండు రోజులకి అక్టోబరు 29న ఇంకా పెద్దది ఒడిశాలో పారాదీప్ దగ్గర కొట్టి తొమ్మిది వేల మందికి పైగా చనిపోయారు. ఆ పెద్ద దుఃఖం ముందు మన చెట్ల సంగతి ఎవరికీ కనపడలేదు. హుద్‌హుద్ విశాఖపట్నంలో దిగింది గాని, విజయనగరం జిల్లా భోగాపురం, పూసపాటిరేగ వైపు కొబ్బరి, జీడి, మామిడి దానికే పోయాయి. అక్కడి అక్కచెల్లెళ్ళు నాలుగేళ్ళ తరవాత మనకి బియ్యం, పాత చీరలు మోసుకొచ్చినప్పుడు ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళకి తెలుసు.

తిత్లీ తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య మన వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలో తీరం దాటింది. గాలి గంటకి నూట నలభై, నూట యాభై కిలోమీటర్లు. కరెంటు పోయింది, సెల్లు పోయింది, దారి పోయింది. తెల్లారి తలుపు తీస్తే ఎదర ఇల్లు కనపడింది. మధ్యలో ఎప్పుడూ తోట ఉండేది, అందుకే ఆ ఇల్లు అంతకుముందు ఎప్పుడూ కనపడలేదు. ఒక పెద్దమ్మ పడిపోయిన చెట్టు మీద చెయ్యేసి, "కొడుకు ఒగ్గేసినా ఇది కూడెట్టినాదే" అని అక్కడే కూలబడిపోయింది.

కొబ్బరికి తల్లివేరు ఉండదు. తాళ్ళలాంటి పీచువేళ్ళు చుట్టూ పరుచుకుంటాయి. వాన నానిన ఇసుకలో ఆ పట్టు సడలితే చెట్టు మొదలంటా లేచిపోతుంది. పడిన చెట్టు లెక్క తేలికే. నిలబడ్డ చెట్టు సంగతే చాలామందికి అర్థం కాలేదు. మొవ్వు మెలితిరిగిన చెట్టు పచ్చగా కనిపిస్తుంది గాని కాయ ఉండదు. గెల మొవ్వు లోపల పుట్టి, బయటికొచ్చి, కాయ ముదరడానికి మూడున్నర ఏళ్ళు దాటుతుంది. లోపల పసిగెల నలిగితే ఆ దెబ్బ ఏళ్ళ తరవాత కూడా కనపడుతుంది. రాసుకోవడానికి వచ్చినవాళ్ళు నిలబడ్డ చెట్టు కింద నిలబడి, "ఇది బాగానే ఉంది కదమ్మా" అన్నారు. ఏం చెప్పగలం?

పరిహారం మొదట చెట్టుకి 1,500 రూపాయలు, మరుసటి ఏడాది దాన్ని 3,000 చేశారు. పెంచడం మంచిదే. అయితే ఆ లిస్టు పట్టాదారు పాసుపుస్తకం చూసి రాసేది. తోట మామగారి పేర ఉంటుంది, ఆయన పోయి పదేళ్ళు అయినా. లేదంటే పెనిమిటి పేర, ఆయన చెన్నైలోనో, హైదరాబాదులోనో కూలికి ఉంటాడు. తోట కౌలుకి చేసినవాళ్ళకి అసలు పేరే లేదు. కుండ మోసినవాళ్ళు చెట్టు పక్కనే నిలబడి ఉన్నారు గాని లిస్టులో లేరు. ఆ నెల చాలా సంఘాల్లో కిస్తీ కట్టలేక మీటింగు చప్పుడు లేకుండా జరిగింది. ఒకరి కిస్తీ ఇంకొకరు సర్దిన ఊళ్ళూ ఉన్నాయి, మాట పెరిగి సంఘం చీలిన ఊళ్ళూ ఉన్నాయి. రెండూ జరిగాయి, రెండూ రాస్తున్నాం.

గాలి పోయాక పురుగు వచ్చింది. కొనేవాడు లేక తోటలోనే కుళ్ళిన మానుల్లో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. అది పెరిగి మిగిలిన చెట్ల మొవ్వు తొలుస్తుంది, విచ్చుకున్న ఆకు కత్తెరతో కోసినట్టు ఉంటుంది. ఆ గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు చేరితే చెట్టు దక్కదు. మానుల్ని తొందరగా ముక్కలు కోసి తగలబెట్టిన ఊళ్ళు కొంత బయటపడ్డాయి. వేపపిండి, ఇసుక కలిపి మొవ్వు చుట్టూ మట్టల సందుల్లో వెయ్యడం పాత పద్ధతే, మళ్ళీ పనికొచ్చింది. తెల్లదోమ మాత్రం అంతకుముందే వచ్చి ఉంది, ఆకు కింద తెల్లగా సుడులు సుడులుగా, పైన నల్లటి మసి. అది ఇంకా పోలేదు.

ఇంకో మాట దాచకూడదు. ఈ తోటల్లో ఎండలో పనిచేసిన మనుషులకే కిడ్నీ జబ్బు. ఇది నీళ్ళ వల్లా, వేడి వల్లా, మందుల వల్లా అని ఏళ్ళ తరబడి పరిశోధిస్తున్నారు, కారణం ఇదీ అని ఇంకా ఒక్కమాటగా తేలలేదు. 2023 డిసెంబరు 14న హిరమండలం నుంచి వంశధార నీళ్ళు తెచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ ప్రారంభించారు. మా మట్టుకు మేము తోట పనికి వేళ మార్చుకున్నాం. వేసవిలో పది గంటలకల్లా దిగిపోవడం, ఎవరి సీసా వాళ్ళు పట్టుకెళ్ళడం. మేస్త్రీలు మొదట గొణిగారు.

మన సంఘాల వయసు కూడా ఈ కథలోనే ఉంది. 1982-83లో డ్వాక్రా రాష్ట్రంలో మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. 2000లో వెలుగు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. 1999 గాలికి పడిన తోటని వడ్డీ వ్యాపారి అప్పుతో మళ్ళీ పెట్టినవాళ్ళు, తిత్లీకి పడిన తోటని సంఘం అప్పుతో పెట్టారు. వడ్డీలో తేడా ఎంతో ఆ రెండూ కట్టినవాళ్ళని అడగండి. కొత్త మొక్కల్లో కొందరు దేశవాళీవే పెట్టారు, కొందరు అంబాజీపేట గోదావరి గంగ అడిగారు. తొందరగా కాస్తుంది. గాలికి ఏది నిలబడుతుందో అని వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కొబ్బరి మధ్యలో అంటు జీడి పెట్టినవాళ్ళకి మూడో ఏటి నుంచే నాలుగు పిక్కలు చేతికొచ్చాయి, అది మంచి ఆలోచన అనే మా అభిప్రాయం.

2019 మృగశిరకి పెట్టిన కొబ్బరి ఇప్పుడు తొలి గెలలు వేస్తోంది. అందుకే ఈ ఏడు హస్త కార్తెలో, చిత్తకి ముందే, ప్రతి సంఘం తన సభ్యుల చెట్లు లెక్క పెట్టి మినిట్సు పుస్తకంలో రాసుకోవాలని మొన్నటి సమావేశంలో అనుకున్నాం. ఎవరి తోట, ఏ చెట్లు ఎన్ని, ఎప్పుడు నాటినవి, నీళ్ళు పోసేది ఎవరు. పాసుపుస్తకం ఎవరి పేర ఉన్నా సరే, ఆఖరి గడిలో ఆ పేరు ఉండాలి. సెల్లు ఉన్న పిల్లలు ఫోటోలు తీస్తారు. మొదటి సంఘం లెక్క అప్పుడే వచ్చింది. ఒకామె తన పేరు ఎదర కొబ్బరి పద్నాలుగు, జీడి తొమ్మిది, పనస ఒకటి అని రాయించి, తిరిగి వచ్చి, "గోడవార మునగ ఒగ్గేసినాను, అదీ రాయండి" అంది.