పెడల్ దిగి తెడ్డు పట్టినవాడు

2021 జులై 30, శుక్రవారం. టోక్యో సీ ఫారెస్ట్ వాటర్‌వే. కరోనా పుణ్యమా అని గ్యాలరీలు బోసిగా ఉన్నాయి. పురుషుల ఎయిట్స్ ఫైనల్‌కు ఆరు పడవలు బారులు తీరి నిలబడ్డాయి. వాటిలో ఒకటి న్యూజిలాండ్‌ది. తెడ్లు పట్టిన ఎనిమిది మంది, వాళ్లకు ఎదురుగా చుక్కాని దగ్గర కాక్స్ శామ్ బోస్‌వర్త్. ఆ ఎనిమిది మందిలో ఒకడికి 35 ఏళ్లు. మూడేళ్ల కిందట ఇతను గోల్డ్‌కోస్ట్ రోడ్ల మీద టైమ్ ట్రయల్ సైకిల్ తొక్కి కామన్వెల్త్ క్రీడల్లో కంచు పతకం గెలిచాడు. పేరు హామిష్ బాండ్.

అతని కథ నీళ్ల మీదే మొదలైంది. ఎరిక్ ముర్రేతో కలిసి 2009 నుంచి 2016 దాకా జోడీ పడవ నడిపాడు. 69 పోటీలు వరసగా గెలిచారు. లండన్ ఒలింపిక్స్ హీట్‌లో 6 నిమిషాల 8.50 సెకన్లలో 2,000 మీటర్లు ముగించి, పదేళ్ల నాటి ప్రపంచ అత్యుత్తమ సమయాన్ని దాదాపు ఆరు సెకన్లు కిందికి దించారు. లండన్‌లో స్వర్ణం, రియోలో స్వర్ణం. అంతటి మనిషి రియో తరవాత పడవ దిగి సైకిలెక్కాడు.

సైకిల్ మీద అతను కొత్తవాడు. నీళ్లలో పడవను తోసిన కండబలం ఎత్తు రోడ్డు మీద బరువుగా మారింది. 2017 సెప్టెంబరులో నార్వేలోని బెర్గెన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ టైమ్ ట్రయల్ జరిగింది. ఆ పోటీ ముగిసేది ఫ్లోయెన్ కొండ పైన. చిన్నప్పటి నుంచీ సైకిలే బతుకుగా పెరిగిన బక్కపలచటి కుర్రాళ్లకే ఆ ఎక్కుడు కష్టం. రెండు ఒలింపిక్ స్వర్ణాల వీరుడు అక్కడ పేరు తెలియని పోటీదారుల్లో ఒకడు. అయినా వెనక్కి తగ్గలేదు. 2018లో సొంత దేశంలో టైమ్ ట్రయల్ చాంపియన్ అయ్యాడు. ఆ ఏప్రిల్‌లోనే గోల్డ్‌కోస్ట్‌లో 38 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా తొక్కి పతక వేదిక ఎక్కాడు.

తరవాత మళ్లీ తెడ్డు పట్టాడు. నా దృష్టిలో ఈ కథలో అసలు సాహసం ఇదే. కొత్త ఆటలో ఓడితే జనం క్షమిస్తారు. ఒకప్పుడు ఏలిన ఆటకు తిరిగొచ్చి ఓడితే పాత కీర్తికీ మచ్చే. పైగా ఈసారి వచ్చింది తిరుగులేని జోడీలోకి కాదు, ఎనిమిది మంది పడవలోకి. అక్కడ అతను ఎనిమిదింట ఒక వంతు.

రోయింగ్ చేతుల పని అనుకుంటాం. బలమంతా కాళ్లది. పాదాలు పడవకు బిగించిన బూట్లలో ఉంటాయి. పీట కింద చక్రాలుంటాయి. మోకాళ్లు ముడిచి ముందుకు జరిగి, తెడ్డు నీళ్లలో దించి, రెండు కాళ్లతో ఒక్కసారిగా తన్నాలి. ఆ తోపు నడుము మీదుగా చివరికి చేతుల్లోకి వస్తుంది. అందుకే గుండె, ఊపిరితిత్తులు, తొడలు గట్టిపడిన సైక్లిస్టుకు సగం పని ముందే అయినట్టు. మిగతా సగం మాత్రం ప్రాణం తోడేస్తుంది. సైకిల్ మీద కాళ్లు వంతులవారీగా, ఆగకుండా తిరుగుతాయి; ఇక్కడ రెండూ ఒకేసారి తన్ని, ఒకేసారి వదలాలి. సైక్లిస్టుకు దారి ఎదురుగా ఉంటుంది. రోయర్ గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. టైమ్ ట్రయల్‌లో మనిషి ఒంటరి, తన ఊపు తనది. ఎయిట్స్ పడవలో నాట్లేసే ఆడకూతుళ్ల వరసలా ఎనిమిది నడుములు ఒకే లయలో వంగి లేవాలి. ఒక్క తెడ్డు కాస్త ఆలస్యంగా నీటిని తాకినా పడవంతా ఒరుగుతుంది.

2019లో ఆస్ట్రియాలోని ఓటెన్‌షైమ్‌లో జరిగిన అర్హత పోటీలో ఆ లయ సరిగా కుదరలేదు. న్యూజిలాండ్ ఎయిట్స్ జట్టుకు ఒలింపిక్ బెర్తు దక్కలేదు. ఒలింపిక్స్ ఏడాది వాయిదా పడ్డాయి. 2021 మేలో స్విట్జర్లాండ్‌లోని లూసర్న్‌లో చివరి అర్హత పోటీ. అక్కడ తప్పితే టోక్యో ప్రయాణమే లేదు. గెలిచారు. టోక్యోలోనూ దారి తిన్నగా సాగలేదు. హీట్‌లో నేరుగా ఫైనల్ చేరలేక, వెనకబడినవాళ్లకు మరో అవకాశమిచ్చే రెపిచాజ్ ఆడి రావలసి వచ్చింది.

ఇక ఫైనల్. తొలి స్ట్రోకులకే నీళ్లు తెల్లగా లేచాయి. ఈ ఆటలో ఊపిరి చాలకపోవడం సగం దారిలోనే మొదలవుతుంది. తొడల్లో మంట, చెవుల్లో కాక్స్ గొంతు, కళ్ల ముందు తోటివాడి వీపు తప్ప ఇంకేమీ ఉండవు. జర్మనీ ఒక పక్క, బ్రిటన్ ఒక పక్క తరుముకొచ్చాయి. న్యూజిలాండ్ పడవ 5 నిమిషాల 24.64 సెకన్లలో గీత దాటింది. జర్మనీ 5:25.60. బ్రిటన్ 5:25.73. జర్మనీతో సెకను కూడా నిండని తేడా. ఆ దేశానికి ఎయిట్స్‌లో స్వర్ణం రావడం 1972 మ్యూనిక్ తరవాత ఇదే. బాండ్‌కు వరసగా మూడో ఒలింపిక్ స్వర్ణం.

బ్రిటన్‌కు చెందిన రెబెకా రొమెరో ఇదే దారిలో ఎదురు నడిచింది. 2004 ఏథెన్స్‌లో పడవ మీద రజతం గెలిచి, 2008 బీజింగ్‌లో వెలోడ్రోమ్‌లో సైకిల్ మీద స్వర్ణం అందుకుంది. రెండు ఆటలకూ ఒకే ఇంజన్ పనికొస్తుందని చెప్పడానికి ఈ ఇద్దరూ చాలు.

చంద్రపూర్‌లో కూర్చున్న మనకు ఇదంతా సముద్రాల అవతలి ముచ్చటగా తోచవచ్చు. మన ఇరై జలాశయం థర్మల్ విద్యుత్ కేంద్రం కోసం కట్టింది. దాని మీద రేసు పడవలను ఊహించే అలవాటు మనకు లేదు. కానీ ఈ జిల్లా ఆశ్రమ పాఠశాలల ఆదివాసీ పిల్లలే 2018 మేలో ఎవరెస్టు ఎక్కారు. మన ఎండల్లో పెరిగినవాళ్లకు మంచుకొండ సాధ్యమైనప్పుడు నీళ్లు ఎందుకు కావు?

ఇదే మహారాష్ట్రలో, నాసిక్ జిల్లా చాంద్‌వడ్ తాలూకా కరవు పల్లెలో పుట్టిన దత్తు భోకనళ్ 2012లో సైన్యంలో చేరేదాకా రోయింగ్ ఎరగడు. నాలుగేళ్లకు రియోలో సింగిల్ స్కల్స్‌లో 13వ స్థానంలో నిలిచాడు. 2018 ఆసియా క్రీడల్లో సింగిల్స్ ఫైనల్లో వెనకబడి, మరునాడే నలుగురి పడవలో స్వర్ణం తెచ్చాడు. మన ఆంధ్ర సైనికుడు నారాయణ కొంగనపల్లె మందుపాతర పేలి ఎడమ కాలు పోగొట్టుకున్నాక పుణేలో తెడ్డు పట్టాడు. హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో అనితతో కలిసి రజతం గెలిచాడు, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో ఎనిమిదో స్థానంలో నిలిచాడు. దత్తునూ నారాయణనూ సైన్యం వెతికి పట్టుకుంది. సైకిల్ పోటీల్లో వెనకబడి ఆగిపోతున్న మన పొడుగుకాళ్ల పిల్లల్ని ఒక్కసారి ఎర్గోమీటర్ మీద కూర్చోబెట్టి చూసే మనిషి ప్రతి జిల్లాలోనూ ఉండాలని గట్టిగా కోరుకుంటాను. అది నేల మీద ఉండే రోయింగ్ యంత్రం. దానికి చెరువు కూడా అక్కర్లేదు.

ఇక బాండ్ విషయానికొస్తే, 2022లో రోయింగ్‌కు వీడ్కోలు చెప్పి, ఎమిరేట్స్ టీమ్ న్యూజిలాండ్‌లో చేరాడు. అప్పటి అమెరికాస్ కప్ తెరచాప పడవల్లో తెరచాపను బిగించడానికి, వదలడానికి కావలసిన శక్తిని పెడల్ తొక్కి పుట్టించే మనుషులుండేవాళ్లు. వాళ్లను సైక్లర్లంటారు. బాండ్ వాళ్లలో ఒకడు. 2024 అక్టోబరులో బార్సిలోనాలో ఆ జట్టు బ్రిటన్‌ను 7–2తో ఓడించి కప్పు నిలబెట్టుకుంది.