బాలకృష్ణుడు లేని గుడి

ఆత్మకూరు బస్టాండులో మీరు దిగేసరికి ఇంకా పూర్తిగా తెల్లారలేదు. టీ కొట్టులో పాలు అప్పుడే పొంగుతున్నాయి. ముందు ఊళ్లోని అలఘనాథస్వామికి దణ్ణం పెట్టుకుని రండి, బస్సుకు ఇంకా టైముంది.

బస్సు కదిలిన కాసేపటికి వరి మళ్లు వెనకబడతాయి. ఎర్రమట్టి, తుమ్మచెట్లు, చిట్టడవి. ఇది నెల్లూరు మెట్ట. పక్క సీట్లో పెద్దామె ఒళ్లో పిల్లాడు నిద్రపోతున్నాడు.

"యాడికి నాయనా?"

"ఉదయగిరికమ్మా. మీరు?"

"నర్రవాడకు. మనవడికి పుట్టెంటికలు తీయించాల."

మనవడి పేరేమిటని అడిగితే "వెంగయ్య" అంటుంది. ఈ సీమలో వెంగయ్యలు, వెంగమ్మలు ఇంతమంది ఎందుకున్నారో ఆ పేరులోనే ఉంది. నర్రవాడ వెంగమాంబ పేరంటాలు బిడ్డలనిచ్చే తల్లి. దారి కాస్త చుట్టయినా ఆమెతో దిగండి. జ్యేష్ఠమాసపు బ్రహ్మోత్సవాలప్పుడైతే ఇక్కడ కాలు పెట్టే చోటుండదు. ఈ రోజు తీరుబడిగా దర్శనమవుతుంది. పిల్లాడి గుండుకు గంధం పూస్తుంటే వాడు గుక్కపట్టి ఏడుస్తాడు, పెద్దామె మాత్రం నవ్వుతుంటుంది.

ఉదయగిరి చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. ఊరికి అడ్డంగా గోడ కట్టినట్టు కొండ. మూడు వేల అడుగులకు పైగా ఎత్తు, దాని మీద బురుజులు. ఈ దుర్గం కోసం కృష్ణదేవరాయల సైన్యం ఏడాదిన్నర పాటు కింద కాచుక్కూచుంది. పైకి దారిలేక బండలు పగలగొట్టి బాట వేయించాడట రాయలు. 1514లో ఒడిశా గజపతుల చేతిలోని ఆ కోట దక్కింది, గజపతి రాజు బంధువు తిరుమల రౌతరాయ పట్టుబడ్డాడు. అదే ఏడాది జూలై 6న రాయలు తిరుమల కొండెక్కి, 30,000 బంగారు నాణేలతో స్వామికి కనకాభిషేకం చేశాడు.

ఆ గెలుపులో ఉదయగిరి పోగొట్టుకున్నది కోట ఒక్కటే కాదు. అది చూడాలంటే గుళ్లలోకి రావాలి.

రంగనాయకుల గుడిలో కాసేపు నిలబడండి. స్తంభం మీద చెయ్యి పెడితే ఎండ పడిన వైపు కాలుతుంది, నీడ వైపు చల్లగా తగులుతుంది. ఉలి గీతలు వేలికి ఇంకా అందుతున్నాయి. అక్కడి నుంచి కృష్ణుడి గుడికి. లోపల గబ్బిలాల వాసన. చీకటికి కళ్లు అలవాటు పడేదాకా ఆగండి. గర్భగుడిలో దీపం లేదు, స్వామి లేడు. వెన్నముద్ద పట్టుకు కూర్చున్న ఆ బాలకృష్ణుణ్ణి రాయలు విజయనగరం తీసుకుపోయాడు. అక్కడ పెద్ద గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించినట్టు శాసనం వేయించాడు. హంపిలో కృష్ణాలయం చూసి మురిసిపోయే మనలో ఎందరికి ఈ ఖాళీ గది గురించి తెలుసు? నాకు హంపి వైభవం కంటే ఈ చీకటే ఎక్కువ చెప్పినట్టనిపిస్తుంది.

బయటికొచ్చి దిలావర్‌భాయి వీధికి నడవండి. నర్ది, బిక్కి, కలివి చెక్కలతో గరిటెలు చెక్కుతుంటారిక్కడ. వాకిట్లో కూర్చున్నామె చెంచా కాడను ఆకురాయితో రుద్ది, పొడి ఊది, మీ చేతిలో పెడుతుంది. వేలు పెట్టి తడిమితే ఎక్కడా గరుకు తగలదు. కొండ మీది అడవిలోని చెక్క ఇది. "చూడన్నా, పేడు లేస్తాదేమో!" అంటుంది. ఒకటి కొనుక్కోండి, బేరమాడకండి.

తిరుగు బస్సు ఎక్కేముందు ఒక్క మాట. హంపికి వెళ్లిన ఆ విగ్రహం ఇప్పుడు హంపిలోనూ లేదు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఈసారి చెన్నై వెళ్తే ఆ మ్యూజియంలోకి తప్పక వెళ్లండి, మా ఉదయగిరి బాలుణ్ణి చూసి రండి.