శంకరగుప్తం నుంచి తిరువయ్యారు దాకా: ఒక సూత్రం, దానికి వ్యాఖ్యానం

మూలం

సమశ్రుతి గల మిత్రులు, శంకరగుప్తం మొదలుకొని తిరువయ్యారు దాకా, గురుపరంపర వెంట ఎదురెక్కుతూ, ఊరూరా ఆగి, విని, తిరిగి రావడమే సంగీతయాత్ర.

అవతారిక

అమలాపురం, రాజోలు, కొత్తపేట కుర్రాళ్లకు కారు టూర్లు కొత్త కాదు. నలుగురు కలిస్తే అరకు, ఐదో వాడు తోడైతే ఊటీ. సంగీతం మీద మనసున్నవాళ్లు డిసెంబరులో చెన్నై సభలకో, జనవరిలో తిరువయ్యారు ఆరాధనకో బయల్దేరుతారు. తెచ్చిన ఫొటోలు బాగానే ఉంటాయి. ఏ ఊరు తర్వాత ఏ ఊరికి ఎందుకు వెళ్లారంటే మాత్రం హోటల్ దొరికిన వరుస చెబుతారు. ఆ వరుసకు ఒక కారణం ఉండాలన్నదే ఈ సూత్రం ఉద్దేశం. సూత్రమూ నాదే, వ్యాఖ్యానమూ నాదే. ఇదేం పద్ధతి అనేవారికి ఒకటే జవాబు: ‘రసగంగాధరం’లో లక్షణం తానే చెప్పి, వివరణ తానే రాసి, ఉదాహరణ శ్లోకాలు కూడా తనవే పెట్టుకున్న జగన్నాథ పండితరాయలు మన ముంగండవాడే.

సమశ్రుతి గల మిత్రులు

శ్రుతి అంటే కచేరీకి ఆధారమైన షడ్జం. పాడేవారు తమ గొంతుకు కుదిరిన చోట దాన్ని నిలుపుకుంటారు. మగవారు ఎక్కువగా ఒకటి, ఒకటిన్నర శ్రుతిలో, ఆడవారు ఐదు, ఐదున్నరలో పాడుతుంటారు. వయొలిన్, మృదంగం ఆ గొంతుకు సర్దుకుంటాయి. వాయిద్యాలు వేరు, పలుకు వేరు, ఆధారం ఒకటి. మిత్రులకూ అంతే. కారులో ఒకడికి వర్ణాలు వచ్చు, ఇంకొకడికి ఇళయరాజా తప్ప పట్టదు, మూడోవాడికి స్టీరింగే లోకం. ముగ్గురూ ఒప్పుకోవలసింది ఒక్కటే: ఒకరు పెట్టిన పాట ముగిసేదాకా ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు.

ఇక్కడ ఒక శంక. సినిమా పాటల వాడికి ఈ యాత్రలో పనేముంది? సమాధానం: చాలా ఉంది. ఈ యాత్రకు మొదటి పేరైన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో నారదుడి వేషం వేసి పాడినవారు. ఘంటసాల సినిమాకు వెళ్లకముందు విజయనగరం వెళ్లి, పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శాస్త్రీయ సంగీతం చెప్పుకున్నారు. రెండు వైపులకూ తలుపు తెరిచే ఉంది. తెరవనిది మన చెవులే.

శంకరగుప్తం మొదలుకొని

శంకరగుప్తం రాజోలు దాటాక, మలికిపురం మండలంలో, సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఈమధ్య ఆ పేరు పాటకంటే డ్రెయిన్ వల్లే ఎక్కువ వినిపిస్తోంది. ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరిచెట్లు మోడువారుతున్న వార్తల్లో తరచూ కనిపించే ఊరు అది. 1930 జులై 6న బాలమురళి పుట్టింది అక్కడే. తండ్రి పట్టాభిరామయ్య సంగీతం మాస్టారు, వేణువు వాయించేవారు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించేవారు, బిడ్డ ఊహ తెలియని పసికందుగా ఉండగానే కన్నుమూశారు. ఆ పిల్లవాడు ఎనిమిదో ఏట విజయవాడలో కచేరీ చేశాడు. పెద్దయ్యాక 72 మేళకర్త రాగాల్లోనూ కృతులు రచించి, నాలుగే స్వరాలతో మహతి, లవంగి లాంటి రాగాలు కట్టి, 1991లో పద్మవిభూషణ్ అందుకున్నారు.

“మొదలుకొని” అన్న మాట దారికి కూడా వర్తిస్తుంది. కొత్తపేట వాళ్లకు రావులపాలెం వెళ్లి పదహారో నంబరు హైవే ఎక్కడం సుళువు. త్వరగా చెన్నై చేరాలంటే అదే మంచిది. ఈ యాత్రకు మాత్రం 216వ నంబరు జాతీయ రహదారే దారి. అమలాపురం వాళ్లు బోడసకుర్రు దగ్గర వైనతేయ దాటి, కొత్తపేట వాళ్లు అంబాజీపేట, పి.గన్నవరం మీదుగా, రాజోలులో కలవాలి. శంకరగుప్తం చూసుకుని, దిండి-చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటితే కోనసీమ ముగుస్తుంది. నరసాపురం, మొగల్తూరు, మచిలీపట్నం మీదుగా ఆ రోడ్డు కృష్ణా తీరానికి చేరుస్తుంది. అక్కణ్ణుంచి అసలు వరుస మొదలవుతుంది.

గురుపరంపర వెంట

సూత్రంలో బరువంతా ఈ మాట మీదే ఉంది. బాలమురళి గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు. ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన గురువు తంజావూరి మానంబుచావడి వెంకటసుబ్బయ్య. ఆయన త్యాగరాజస్వామికి నేరుగా శిష్యుడు, బంధువు. శంకరగుప్తం పిల్లవాడికీ త్యాగయ్యకూ మధ్య ఉన్నది ముగ్గురే మనుషులు. ఈ ముగ్గురి ఊళ్లను పటంలో చుక్కలు పెట్టి కలిపితే యాత్రకు దారి దొరుకుతుంది. పంతులు గారి పుట్టుక కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో, జీవితం విజయవాడలో. దక్షిణామూర్తి శాస్త్రి గారిది పెదకళ్లేపల్లి. వెంకటసుబ్బయ్య గారి పేరు ముందు నిలిచిన మానంబుచావడి తంజావూరులో ఒక పేట.

ఈ చెట్టుకు ఇంకో కొమ్మ ఉంది. అదే వెంకటసుబ్బయ్య గారి దగ్గర పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ నేర్చుకున్నారు. ఆయన శిష్యుడు పూచి శ్రీనివాస అయ్యంగార్, వారి శిష్యుడు అరియకుడి రామానుజ అయ్యంగార్. వర్ణంతో ఎత్తుకుని, కృతులు పాడి, రాగం-తానం-పల్లవి మీదుగా చిన్న పాటలకు దిగే నేటి కచేరీ పద్ధతి స్థిరపడింది ప్రధానంగా అరియకుడి చేతుల్లోనే. లెక్క చూస్తే అరియకుడి, బాలమురళి ఇద్దరూ మానంబుచావడికి మూడో తరం వాళ్లే. ఒకరి పాట గట్టు కట్టిన కాలువలా నడుస్తుంది. ఇంకొకరి గొంతు ఎక్కడ ఎటు తిరుగుతుందో పక్కనున్న వయొలిన్‌కే తెలియదు. మచిలీపట్నం రోడ్డు మీద ఒకే త్యాగరాజ కీర్తనను ముందు అరియకుడి పాడగా, వెంటనే బాలమురళి పాడగా వినండి. పరంపర అంటే అచ్చు గుద్దినట్టు ఒకేలా పాడటం అనుకునేవాళ్ల అపోహ ఆ అరగంటలో తీరిపోతుంది. గురువు ఇచ్చేది పాఠం, గొంతు ఎవరిది వారిదే.

ఎదురెక్కుతూ

పాట కావేరి ఒడ్డున పుట్టి, కృష్ణ ఒడ్డుకు వచ్చి, గోదావరి పాయల పిల్లవాడికి అందింది. మనం పులసలా దానికి ఎదురు వెళతాం. శిష్యుడి నుంచి గురువుకు, గురువు నుంచి గురువుగారి గురువుకు.

శంక: తెలుగు పాటకు మొదలు వెతుక్కుంటూ తమిళ దేశం వెళ్లడమేమిటి? సమాధానం: ఆ దారిలో మనకంటే ముందే తెలుగువాళ్లు వెళ్లారు. తంజావూరును 1532 నుంచి 1673 దాకా ఏలిన నాయకరాజుల కొలువు భాష తెలుగు. తర్వాత వచ్చిన మరాఠా రాజులూ తెలుగును ఆదరించారు. మొవ్వ గోపాలుడి పదాలు రాసిన క్షేత్రయ్య 17వ శతాబ్దంలో తంజావూరు, మధుర, గోల్కొండ కొలువుల్లో పాడాడు. దక్షిణాది నగరాల సంగీతయాత్ర అంటూ ఉంటే దానికి ఆద్యుడు ఆయనే. కృష్ణలీలాతరంగిణి కర్త నారాయణతీర్థులది మంగళగిరి దగ్గరి కాజ అని చెబుతారు. ఆయన సిద్ధి పొందింది తిరువయ్యారు దగ్గరి తిరుప్పూంతురుత్తిలో. త్యాగయ్య ఇంటిపేరు కాకర్ల, కంభం ప్రాంతంలో ఆ పేరుతో ఊరుంది, పూర్వీకులు అక్కణ్ణుంచే వలస వెళ్లారు. భాష ఇటు నుంచి వెళ్లింది, సంగీతమై తిరిగొచ్చింది. తిరిగి తెచ్చినవారిలో ముఖ్యుడు, తంజావూరు వెళ్లి నేర్చుకుని పెదకళ్లేపల్లికి వచ్చి శిష్యులను తయారుచేసిన దక్షిణామూర్తి శాస్త్రి. ఆయన అక్కడే ఉండిపోయి ఉంటే బాలమురళికి ఈ గురువుల వరుస లేదు.

ఊరూరా ఆగి

ప్రతి ఊళ్లోనూ ఒక రోజు ఉండక్కర్లేదు. మొవ్వ, కూచిపూడి పక్కపక్క ఊళ్లే. మొవ్వలో వేణుగోపాలస్వామి గుడి, కూచిపూడిలో సిద్ధేంద్రయోగి పేరిట నడిచే కళాపీఠం చూడాలి. శ్రీకాకుళంలో ఆంధ్రమహావిష్ణువు ఆలయం ఉంది. కృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’కు పూనుకున్నది ఆ గుడిలో స్వామి కలలో కనిపించి చెప్పాకే అంటారు. పెదకళ్లేపల్లి దుర్గానాగేశ్వరస్వామి క్షేత్రం. వేటూరి ప్రభాకరశాస్త్రి, సుందరరామమూర్తి గార్లదీ అదే ఊరు. తిరుపతిలో తాళ్లపాక రాగిరేకులు చదివి అన్నమయ్యను వెలికితీసిన వారిలో ఒకరు, ‘శంకరాభరణం’ పాటలు రాసిన ఒకరు ఒకే ఊళ్లో పుట్టారు.

విజయవాడలో ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. కోస్తా జిల్లాల ఇళ్లలో పొద్దున్నే మోగిన భక్తిరంజని బాలమురళి అక్కడ పనిచేసిన రోజుల్లోనిదే. పట్నం దాటాక కాజ వస్తుంది. అందరికీ టోల్‌గేటుగానే తెలిసిన ఆ ఊళ్లో ఐదు నిమిషాలు ఆగితే నారాయణతీర్థులు గుర్తొస్తారు. ఒంగోలు దగ్గర కరవది, నాదస్వర విద్వాంసుడు షేక్ చినమౌలానా పుట్టిన ఊరు. ఆయన తంజావూరు బాణీ సాధించి శ్రీరంగంలో స్థిరపడ్డారు. మన పెళ్లి సన్నాయిని తమిళ గుళ్లు నెత్తిన పెట్టుకున్నాయి.

చెన్నైకి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1927 కాంగ్రెస్ సభలతో పాటు జరిగిన సంగీత సదస్సు ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ వెలిసింది. మార్గళి నెల కచేరీలకు అదే గుండెకాయ. తంజావూరు చేరాక మెలట్టూరు మరవకండి. అక్కడి భాగవతమేళ నాటకాలు తెలుగువి, వేషం కట్టేవారి ఇంటి భాష తమిళమైనా సరే. అవి ఆడేది మే నెలలో, నరసింహ జయంతికి. జనవరిలో వెళితే ఊరు మాత్రమే చూస్తారు.

తిరువయ్యారు దాకా

అమలాపురం నుంచి తిరువయ్యారుకు వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ దూరం. తంజావూరుకు పన్నెండు, పదమూడు కిలోమీటర్లలో, కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ఉంది. ఆయన 1767లో తిరువారూరులో పుట్టి, 1847 పుష్య బహుళ పంచమి నాడు సిద్ధి పొందారు. ఆ తిథి ఒక్కో ఏడు సంక్రాంతికి ముందు, ఒక్కో ఏడు తర్వాత వస్తుంది. సంక్రాంతి తర్వాత వచ్చిన ఏడాది మన వాళ్లకు అదృష్టం, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసుకుని మరీ బయల్దేరవచ్చు.

సమాధి మీద ఆలయం కట్టించింది బెంగళూరు నాగరత్నమ్మ, తన సొంత సొమ్ముతో, 1920లలో. దేవదాసీ కుటుంబంలో పుట్టిన ఆమె, ఆడవాళ్లను పాడనివ్వని ఆ రోజుల్లో, ఆడవాళ్లతో వేరే ఆరాధన నడిపించి, చివరికి అందరినీ ఒక వేదిక ఎక్కించింది. ఆమె సమాధి కూడా స్వామికి ఎదురుగానే ఉంది. ఆరాధన నాడు నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లో పంచరత్న కీర్తనలు వందల గొంతులు కలిపి పాడతాయి. వాటిని దారిలో ముందే విని వెళ్లండి. నాట రాగంలోది సంస్కృతం, మిగతా నాలుగింటి సాహిత్యం తెలుగు గనుక, అంతమందిలో అవి అర్థమయ్యేది మీకే కావచ్చు.

విని

ఇది సూత్రంలో చిన్న మాట, ఆచరణలో కష్టమైన మాట. ఇవన్నీ ఫోనులో ఉండగా పెట్రోలు పోసుకుని వెళ్లడం దేనికి అనే శంక ఉంటుంది. పాట ఫోనులో ఉంటుంది, అది ఎంత దూరం నడిచి వచ్చిందో ఫోనులో ఉండదు. రికార్డు లేని కాలంలో కీర్తన రావాలంటే మనిషే వెళ్లి తేవాలి. నేర్చి వచ్చి మరొకరికి చెప్పాలి. ఆ దూరం ఒళ్లు నొప్పులతో తెలిసినవాడు పాటను మధ్యలో మార్చడు. అందుకే కచేరీలో వీడియో తీయడం ఒక పాటకు పరిమితం చేసుకోండి, మిగతాది వినండి.

తిరిగి రావడమే

యాత్రకు వెళ్లినవాడు ఇంటికి రావడం మామూలే, మరి సూత్రంలో ఈ మాట ఎందుకు? దక్షిణామూర్తి శాస్త్రి గారి కారణంగా. తంజావూరు వెళ్లిన తెలుగువాళ్లు ఎందరో ఉన్నా, తిరిగి వచ్చి చెప్పినవాళ్ల వల్లే పాట ఇక్కడ నిలిచింది. కనుక వెళ్లి, విని, ఫొటోలు పెట్టి ఊరుకుంటే అది విహారం. అందులో తప్పేమీ లేదు, యాత్ర అన్న పేరు మాత్రం దానికి చెల్లదు.

అమలాపురంలోనూ, రాజోలులోనూ, కొత్తపేటలోనూ ఇళ్లలో సంగీతం చెప్పే మాస్టార్లు, టీచర్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర సరళీస్వరాలు మొదలుపెట్టిన పిల్లలు పదో తరగతి రాగానే మానేస్తున్నారు. చెన్నైకి టిక్కెట్లు తీసే ముందు శంకరగుప్తం వెళ్లి రండి. తిరువయ్యారు నుంచి వచ్చిన వారంలో మీ ఇంటి పిల్లల్లో ఒకరినైనా ఆ మాస్టారి దగ్గర కూర్చోబెట్టండి, పదో తరగతిలోనూ మాన్పించకండి.