ఇయర్‌ఫోన్లతో డ్రైవింగ్.. వెనుక హారన్ వినపడేదెలా?

వాహనం నడిపేవారికి ఎదుట ఉన్నదాన్ని కళ్లు చూపుతాయి. వెనుక నుంచి వచ్చేదాన్ని ముందుగా పసిగట్టేవి చెవులే. ఇయర్‌ఫోన్లతో ఆ రక్షణ కరవవుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని కుషీనగర్ జిల్లాలో 2018 ఏప్రిల్ 26న కాపలా లేని రైల్వే గేటు వద్ద పాఠశాల వ్యానును రైలు ఢీకొని 13 మంది చిన్నారులు మృతి చెందారు. డ్రైవరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉన్నట్లు ప్రాథమికంగా తెలిసిందని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి అప్పట్లో వెల్లడించారు.

ఒక చెవికే పెట్టుకుంటే ఫర్వాలేదన్నది చాలామంది యువకుల వాదన. ఇది సరికాదు. శబ్దం రెండు చెవులకు చేరడంలో ఉండే స్వల్ప తేడాను బట్టే అది ఏ దిక్కు నుంచి వస్తోందో మెదడు గ్రహిస్తుంది. ఒక చెవి మూసుకుపోతే హారన్ వినిపించినా, లారీ కుడివైపు ఉందో ఎడమవైపు ఉందో వెంటనే పోల్చుకోవడం కష్టం. బయటి శబ్దాలను అణచివేసే రకాలైతే 108 వాహనం సైరన్ సైతం ఆలస్యంగా వినిపించవచ్చు.

ఫోన్ సంభాషణ మరింత ప్రమాదకరం. చేతులు హ్యాండిల్‌పైనే ఉన్నా ధ్యాస రోడ్డుపై ఉండదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి రెండు సెకన్లలో సుమారు 33 మీటర్లు దాటిపోతుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, డ్రైవింగ్‌లో ఫోన్ చేతపట్టుకుని వాడటాన్ని ప్రమాదకర డ్రైవింగ్ కింద చేర్చింది. తొలి నేరానికి రూ.1,000 నుంచి రూ.5,000 వరకు జరిమానా లేదా ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. అందులో ఇయర్‌ఫోన్ల ప్రస్తావన లేదని ధీమా పడేవారూ ఉన్నారు. కాల్ తప్పనిసరైతే బండిని రోడ్డు అంచుకు దింపి, ఆపి మాట్లాడాలి.